గంగాధరం చెవి, సుందరరాజు గొంతు

గంగాధరం నాకు పరిచయమైంది చిత్తూరులో, ఒక క్యాసెట్ల అంగడిలో. 1991 ప్రాంతం. పలమనేరు సుందరరాజు రెండో క్యాసెట్ 'పొగ' వచ్చిందని తెలిసి ఆఫీసు నుంచి నేరుగా అంగడికి పోయాను. ఒకటే మిగిలింది. నేను చెయ్యి చాచేలోగా పక్కనుంచి గ్రీజు మరకల చెయ్యొకటి వచ్చి దాన్ని అందుకుంది.

"పొద్దున్నే చెప్పి పెట్టినాను గదప్పా దీన్ని," అన్నాడు ఆ మనిషి అంగడాయనతో. తర్వాత నా వైపు తిరిగి, నుదుటి మీది నామం చూసి ఆగిపోయాడు. "సామీ, నువ్వు కూడా సుందరరాజును ఇంటావా?"

"ఏం, వినకూడదా?"

అతను గట్టిగా నవ్వాడు. "ఎందుకు ఇనగూడదు! ఇట్ల జేద్దాం. ముందు నువ్వు తీసకపో. ఆదివారం తెచ్చి నాకియ్యి. బంగారుపాళ్యంలో దిగి పల్ప్ ఫ్యాక్టరీ ఫిట్టరు గంగాధరం ఇల్లు యాడంటే ఎవురైనా సెప్తారు."

ఆదివారం పోయాను. క్యాసెట్ ఇచ్చి వచ్చేద్దామనుకున్నవాణ్ణి, వాళ్ళమ్మ పెట్టిన రాగిసంగటి తిని, మామిడితోటంతా తిరిగి, క్యాసెట్ రెండు వైపులా మళ్ళీ మళ్ళీ విని చీకటి పడ్డాక బస్సెక్కాను. మాది తిరుపతిలో గుడి సేవలో ఉన్న కుటుంబం. మా ఇంట్లో తెల్లవారితే ప్రబంధ పాశురాలు. రాక్ పాటల గురించి నోరు విప్పి మాట్లాడుకోవడానికి నాకు దొరికిన మొదటి మనిషి గంగాధరమే.

సుందరరాజు గురించి తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. పలమనేరులో పుట్టి, చదువుకోవడానికి బెంగుళూరు పోయి, అక్కడ కాలేజీ బ్యాండులో ఇంగ్లీషు పాటలు పాడుతూ పాడుతూ ఒకరోజు తెలుగులో పాడటం మొదలుపెట్టినవాడు. ఆయన మొదటి క్యాసెట్ 'కంకర రోడ్డు'. ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్ములు, వాటి మీద మన చిత్తూరు యాసలో అరుపులాంటి పాట. సినిమా పాట తప్ప మరో పాట ఎరగని మాకు అది ఎండాకాలంలో ఎవరో ముఖాన నీళ్ళు కొట్టినట్టుండేది. లక్షల క్యాసెట్లు అమ్ముడుపోలేదు గానీ కొన్నవాళ్ళెవరూ ఆయన్ని వదల్లేదు.

వదలనివాళ్ళలో గంగాధరం మొదటివాడు. మామిడికాయల కాలం వస్తే ఫ్యాక్టరీలో రాత్రీ పగలూ తేడా ఉండదు. తోతాపురి కాయల లారీలు రోడ్డు పొడవునా నిలబడి ఉంటాయి. గంగాధరం పని మామిడి గుజ్జు డబ్బాలకు మూతలు బిగించే మెషిన్ దగ్గర. ఆ రేకుల మోతలో పక్కవాడు చెవిలో అరిచినా అర్థం కాదు. అక్కడ నిలబడి అతను ఆ మోత కంటే గట్టిగా 'కంకర రోడ్డు' పాడేవాడు. "మెషినుకు తాళం ఉండాది సామీ. పాట దానికదే వచ్చేస్తాది," అనేవాడు.

పెళ్ళికి ఒప్పుకున్నదీ ఆ పిచ్చితోనే. పలమనేరు సంబంధం అనగానే చూడకముందే సగం ఒప్పేసుకున్నాడు. పెళ్ళిచూపులకు నన్నూ తోడు తీసుకుపోయాడు. అమ్మాయి పేరు భానుశ్రీ. వాళ్ళ నాయన పాల సొసైటీలో పని. పెద్దవాళ్ళు చదువు గురించో వంట గురించో అడుగుతాడనుకుంటూ ఉంటే, ఇతను గొంతు సవరించుకుని "సుందరరాజు ఇల్లు మీకు తెలుసునా?" అని అడిగాడు.

భానుశ్రీ తల ఎత్తి చూసింది. "మా ఎనక వీదే. వాళ్ళమ్మకు మేమే పాలు పోసేది."

అంతే. పెళ్ళయిపోయింది.

నాకు తిరుపతికి బదిలీ అయినా రాకపోకలు తగ్గలేదు. గంగాధరానికి కూతురు పుట్టింది. స్రవంతి అని పేరు పెట్టారు. మా ఇద్దరికీ తగువు రావలసిన అవసరమే లేకపోయింది, 'పాలబండి' వచ్చేవరకూ.

అది 1997లో వచ్చింది. సుందరరాజు బెంగుళూరు వదిలేసి పలమనేరు చేరుకున్నాడని, బ్యాండు చెదిరిపోయిందని అంతకుముందే విన్నాం. అయినా ఆ క్యాసెట్ అలా ఉంటుందని అనుకోలేదు. గిటారు ఉంది కానీ గోల లేదు. డ్రమ్ముల బదులు ఒక డోలు, దాని పక్కన లావు తీగల గిటారు, వాటి నడుమ సుందరరాజు గొంతు, బాగా కిందికి దిగి, ప్రతి మాటనూ విడివిడిగా నేల మీద పెడుతున్నట్టు. మొదటి పాట, తెల్లారకముందే మంచులో పాలక్యాన్లతో పోయే బండి గురించి.

గంగాధరం ఒక వైపు పూర్తిగా వినకుండానే ఆపేశాడు.

"అయిపోయినాడు సామీ. అయిపోయినాడు. రాక్ పాడేవోడు పాలబండి మింద పాడతాడా? గొంతు పోయిండాది. ఆ మాట చెప్పలేక ఇట్ల పాడతా ఉండాడు."

"గొంతు పోలేదు. మార్చుకున్నాడు," అన్నాను నేను.

"ఎందుకు మార్చాల? బాగుండేదాన్ని ఎవురైనా మారుస్తారా?"

భానుశ్రీ వంటింట్లోంచి వచ్చింది. "ఆ పాట నాకు బాగుండాదన్నా. మా నాయన పొద్దున్నే క్యాన్లు ఎత్తుతా ఉంటే వచ్చే సప్పుడు ఉండాది దాంట్లో. ఇంగోసారి పెట్టమనండి."

గంగాధరం పెట్టలేదు. ఆ తర్వాత రెండేళ్ళకు 'చలిపూట' వచ్చింది. అదీ అలాంటిదే. అది కూడా కొన్నాడు, కొని తిట్టాడు. నేను పోయిన ప్రతిసారీ ఇదే తగువు. మొదటి రెండింటి పక్కన పెట్టడానికైనా ఈ రెండూ తగవని అతను, తగుతాయని నేను. నిజానికి నా వాదనలో బలం తక్కువే. నాకూ 'కంకర రోడ్డు'లో ఉన్న వేడి వాటిలో కనబడేది కాదు. కానీ ఒక మనిషి ఇరవై ఏళ్ళప్పుడు అరిచినట్టే నలభై ఏళ్ళకూ అరవాలని పట్టుబట్టడం న్యాయం కాదని నాకనిపించేది. గంగాధరం మాత్రం తనను మోసం చేసినట్టే బాధపడేవాడు. ఆ రెండు క్యాసెట్లనూ భానుశ్రీ వంటింటి అల్మరాలో పెట్టుకుంది. అతను లేనప్పుడు చిన్న టేప్ రికార్డరులో వేసుకుని పని చేసుకునేది.

2001లో ఒకరోజు గంగాధరం కుటుంబంతో తిరుపతికి వచ్చాడు. స్రవంతికి పుట్టువెంట్రుకల మొక్కు చాన్నాళ్ళుగా ఉండిపోయిందట. అలిపిరి నుంచి నడిచి కొండెక్కి, దర్శనం చేసుకుని, గుండ్లతో మా ఇంటికి దిగారు. భోజనాలయ్యాక సంచిలోంచి ఒక క్యాసెట్ తీశాడు. 'కంకర రోడ్డు', కొత్తది, పైన కాగితం కూడా చించలేదు.

"సామీ, ఈ కంపెనీవాళ్ళు ఎంత మోసం జేస్తా ఉండారో సూడు. పాత క్యాసెట్ అరిగిపోయిందని కొత్తది కొన్న్యా. ఇదీ అట్లే ఉండాది. గిటారే లేదు. ఎవురో గోనెసంచి కప్పి వాయించినట్టుండాది. మీ ఇంట్లో పెద్ద సెట్టుండాది గదా, దాంట్లో ఇందామని తెచ్చినా."

వేశాను. మొదటి పాట మొదలవుతూనే గిటారు కీచుమంటూ పైకి లేచింది. ఎప్పుడు విన్నా నా వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునే చోటది. ఆ రోజూ నిక్కబొడుచుకున్నాయి.

"సూసినావా? లేదు గదా?" అన్నాడు గంగాధరం.

భానుశ్రీ వైపు చూశాను. ఆమె నన్నే చూస్తూ ఉంది. ఆమెకు ముందే తెలుసని ఆ చూపులోనే అర్థమయింది. అప్పుడే స్రవంతి లోపలినుంచి "నాయనా, నాయనా" అని పిలుచుకుంటూ వచ్చి అతని వెనక నిలబడింది. గంగాధరం తిరగలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని లాగాక తిరిగి చూసి, "ఏం తల్లీ, ఎప్పుడొచ్చినావు?" అన్నాడు.

భానుశ్రీ లేచి సెట్టు ఆపింది. అతని ముందు కూర్చుని, అతను తన నోరు చూసేలా మెల్లగా చెప్పింది. "క్యాసెట్ బాగుండాది. మీ చెవులు బాగలేవు. కుక్కరు కూత మీకు వినపడ్డం లేదు. పాప మాట మీకు వినపడ్డం లేదు. యాడాదిగా చెప్పాలనే చూస్తా ఉండాను. రేపు పొద్దున డాక్టరు దగ్గిరికి పోదాం."

అతను కోపగించుకుంటాడనుకున్నాను. కాసేపు నా ముఖమూ ఆమె ముఖమూ మార్చి మార్చి చూసి, "గిటారు ఉండాదా సామీ దాంట్లో?" అని మాత్రం అడిగాడు.

"ఉంది," అన్నాను.

మరునాడు పరీక్ష చేయించాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. శబ్దం వినబడ్డప్పుడు చెయ్యెత్తమన్నారు. మేం బయట నిలబడి చూస్తున్నాం. లావు శబ్దాలకు అతని చెయ్యి వెంటనే లేచింది. శబ్దం సన్నబడేకొద్దీ ఆలస్యమయింది. తర్వాత యంత్రం దగ్గరున్న అమ్మాయి పిడిని తిప్పుతూ తిప్పుతూ పోయింది, గంగాధరం మాత్రం బడిలో పిల్లవాడిలా ఒళ్ళో చేతులు పెట్టుకుని శ్రద్ధగా ఎదురుచూస్తూనే ఉన్నాడు. భానుశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

ఏళ్ళ తరబడి మెషిన్ మోతలో నిలబడటం వల్ల వచ్చిందని డాక్టరు చెప్పాడు. సన్నటి శబ్దాలు రెండు చెవుల్లోనూ పోయాయి. పోయింది తిరిగి రాదు. చెవిమిషన్ పెట్టుకుంటే మాటలు కొంత తెలుస్తాయి. ఇక మీదట మోతలో ఉంటే మిగిలిందీ పోతుంది.

ఊరికి పోయాక గంగాధరం పాటలు వినడం మానేశాడు. తన క్యాసెట్లన్నీ పెట్టెలో పడేసి అటక ఎక్కించాడు. చెవిమిషన్ కొన్నారు కానీ పెట్టుకునేవాడు కాదు. మనుషుల్లో కూర్చోవడం తగ్గించాడు. నేను పోతే తోటలోకి తీసుకుపోయి చెట్లు చూపించి పంపేసేవాడు. తగువు లేని మా స్నేహం ఉప్పులేని కూరలా అయింది. 'పాలబండి' మీద అతను తిట్టే తిట్లు వినాలని నాకు మొదటిసారి అనిపించింది.

తర్వాత జరిగింది భానుశ్రీ నాకు చెప్పగా విన్నాను. ఒక పొద్దున ఆమె పిండి రుబ్బుతూ, ఆయన తోటలో ఉన్నాడు కదా అని టేప్ రికార్డరు పెట్టుకుంది. 'పాలబండి' పాట వస్తూ ఉంది. వెనక నీడ కదిలితే తిరిగి చూసింది. గంగాధరం గడప అవతల చెప్పులు కూడా విడవకుండా నిలబడి ఉన్నాడు. ఆమె గబగబా ఆపబోయింది.

"ఆపొద్దు," అన్నాడు. లోపలికి వచ్చి టేప్ రికార్డరు పక్కన నేల మీద కూర్చున్నాడు. పాట అయిపోయింది. మళ్ళీ వెనక్కి తిప్పి వేశాడు. మళ్ళీ. దాని తర్వాతి పాట కూడా. "ఇది నాకు ఇనపడతా ఉండాది, భానూ. డోలు ఇనపడతా ఉండాది. వాడు చెప్పే మాట ఇనపడతా ఉండాది. మంచు అంటా ఉండాడు, క్యాను మూత అంటా ఉండాడు. అన్నీ తెలుస్తా ఉండాయి నాకు."

ఆ రోజు ఇంట్లో ఇడ్లీ కాలేదని, పిండి రోట్లోనే ఉండిపోయిందని చెప్పి భానుశ్రీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

వారం తిరక్కముందే గంగాధరం నాకు ఫోన్ చేశాడు. అతను వినలేడు కాబట్టి తనే మాట్లాడేశాడు. "సామీ, ఆదివారం రా. పలమనేరు పోదాం. సుందరరాజును సూడాల నేను."

భానుశ్రీ దారి చూపిస్తూ ముందు నడిచింది. ఆమె పుట్టింటి వెనక వీధిలో చిన్న పెంకుటిల్లు. ముందు ఆవుల కొట్టం. పలమనేరు చలికి తలకు మఫ్లరు చుట్టుకున్న ఒక నడివయసు మనిషి దూడకు గడ్డి వేస్తూ ఉన్నాడు. క్యాసెట్ అట్ట మీద జుట్టు విరబోసుకుని గిటారు ఎత్తిపట్టిన మనిషి ఈయనేనని గుర్తుపట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది. గంగాధరానికి పట్టలేదు.

"రాజన్నా, నాది బంగారుపాళ్యం. పల్ప్ ఫ్యాక్టరీ," అని మొదలుపెట్టాడు.

"ఏ ఊరు?" అన్నాడాయన.

"బంగారుపాళ్యం!"

"దగ్గిరికి వచ్చి చెప్పప్పా."

గంగాధరం దగ్గరికి పోయాడు. లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. ఆయన భార్య పంకజాక్షి పాలు కాచి తెచ్చింది. గంగాధరం దాచుకోకుండా అంతా చెప్పాడు. 'కంకర రోడ్డు' ఎంత ప్రాణమో, 'పాలబండి' వచ్చినప్పుడు ఎంత తిట్టాడో, చెవులు పోయిన సంగతి, వంటింటి గడపలో విన్న సంగతి. "నాకు మిగిలింది నీ కడపటి రెండు క్యాసెట్లే అన్నా. నువ్వు కిందికి దిగి పాడకపోయింటే నాకు ఈ పొద్దు పాటే లేదు. ఆ మాట నీకు చెప్పి పోదామని వచ్చినా."

సుందరరాజు మఫ్లరు విప్పాడు. ఆయన చెవి వెనక ఒక చెవిమిషన్ ఉంది.

"పెద్ద పెద్ద స్పీకర్ల ముందర నిలబడి నిలబడి ఇట్లయింది," అన్నాడు. "నీకు మెషిను, నాకు గిటారు. బ్యాండులో ఉండంగానే మొదలయింది. పైకి పాడితే నేను పాడేది నాకే ఇనపడ్డం లేదు. రాగం తప్పితే తెలీదు. ఎవురికీ చెప్పలే. నాకు ఇనపడే దగ్గర పాడదామని కిందికి దిగినా. జనం గొంతు పోయిందన్నారు. చెవి పోయిందనేదాని కంటే అదే మేలని ఊరుకున్న్యా."

గంగాధరం సగం వినలేదు. ఆ చెవిమిషన్‌ను మాత్రం చూశాడు. "నీక్కూడానా!" అని ఇల్లదిరేలా అరిచాడు. "నాక్కూడా!" అని ఆయన అంతకంటే గట్టిగా అరిచాడు. అప్పుడు మొదలయింది ఇద్దరి మాట. ఒకరి చెవి దగ్గర ఒకరు నోరు పెట్టుకుని అరుచుకుంటూ ఉంటే, కొట్టంలో ఆవు బెదిరి తాడు తెంపుకునేంత పని చేసింది. పంకజాక్షీ భానుశ్రీ గోడకు ఆనుకుని నవ్వలేక నవ్వలేక నవ్వారు.

పోయే ముందు గంగాధరం మొహమాటపడుతూ అడిగాడు. "ఒక్కసారి 'కంకర రోడ్డు' పాడతావా అన్నా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ పాట పాడి ఎన్నో ఏళ్ళయిందన్నాడు. కానీ లేచిపోయి లోపలినుంచి చెక్క గిటారు తెచ్చుకున్నాడు. తీగలు వదులు చేసి శ్రుతి బాగా దించాడు. పాట మొదలుపెట్టాడు. మేం ఎరిగిన పాటే కానీ నడకలో ఉంది, పరుగులో లేదు. కీచుమని పైకి లేవాల్సిన చోట కిందికి, గొంతు అడుక్కి దిగాడు. ఆ అరుపులో ఇన్నేళ్ళూ నాకు సరిగా వినబడని మాటలు అప్పుడు వినబడ్డాయి. అది రోడ్డు పనిలో కంకర కొట్టే ఒక ఆడమనిషి గురించిన పాట అని నాకు ఆ రోజే తెలిసింది. గంగాధరం కళ్ళు మూసుకుని, అరచెయ్యి గిటారు చెక్కకు ఆనించి కూర్చున్నాడు. సుందరరాజు వద్దనలేదు.

తిరుగు బస్సులో గంగాధరం చెవిమిషన్ తీసి పెట్టుకున్నాడు. పెట్టుకోవడానికి ఆయనకు లేని సిగ్గు నాకెందుకు అన్నాడు. అలవాటు కావడానికి కొన్ని నెలలు పట్టింది. బస్సు హారన్ గునపంలా దిగుతుందని తిట్టుకునేవాడు. అయినా తీసేయలేదు, ఎందుకంటే దాంతో స్రవంతి పిలిస్తే తెలిసేది. పిల్ల పాఠం చదువుతుంటే ఎదురుగా కూర్చుని, పరీక్ష తనకే అన్నట్టు వినేవాడు.

ఫ్యాక్టరీలో మేనేజరును కలిసి మెషిన్ల దగ్గర నిలబడేవాళ్ళకు చెవుల్లో పెట్టుకునే బిరడాలు కావాలని అడిగాడు. మొదట నవ్వారు. సీజను మొదలయ్యే ముందు మళ్ళీ పోయి, డాక్టరు ఇచ్చిన కాగితం బల్ల మీద పెట్టి, "నా మాదిరి ఇంగొకడు కావాల్నా సార్?" అన్నాడు. తెప్పించారు. తనూ అవి పెట్టుకునే మెషిన్ దగ్గర నిలబడతాడు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు అవి ఎలా పెట్టుకోవాలో తనే చూపిస్తాడు. వద్దన్నవాణ్ణి మెషిన్ దగ్గరికి రానివ్వడు.

సుందరరాజు ఆ తర్వాత ఇంకో ఆల్బం చేశాడు, 2005లో. ఈసారి సీడీ. పాటలు ఖాయం చేసే ముందు గంగాధరాన్ని పిలిపించుకుని, చెవిమిషన్ తీయించి వినిపించేవాడట. ఏ మాట అందలేదో అడిగి అక్కడ మార్చేవాడట. సీడీ అట్ట మీద కృతజ్ఞతలు చెప్పిన చోట గంగాధరం పేరు ఉంది. ఆ అట్టను ఫ్రేమ్ కట్టించమని భానుశ్రీ అంటే, "ఫ్రేమ్ కడితే తీసి సూసుకునేదెట్ల?" అని జేబులో పెట్టుకు తిరిగి నలిపేశాడు.

ఆ సీడీ గురించి పేపర్లో ఒకాయన రాశాడు, సుందరరాజు తొలి క్యాసెట్లలోని నిప్పు ఇక రాదని. చదివి వినిపించి, ఏమంటావని గంగాధరాన్ని అడిగాను.

"ఆయన చెప్పింది నిజమే సామీ," అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. "'కంకర రోడ్డు' మాదిరి పాట ఆయన మళ్ళీ చెయ్యలే. చెయ్యలేడు. అది అట్లాంటిది. అబద్ధం ఎందుకు చెప్పాల? కానీ ఎవురైనా నన్ను ఆయనకు దేనికి బాకీ ఉండావు అంటే, 'పాలబండి'కే ఉండానంటా. అప్పుడు నాకు అన్నీ ఉండె, 'కంకర రోడ్డు' ఇంగా సంతోషం ఇచ్చింది. ఇప్పుడు ఒకటి పోయినాక ఇది నా పక్కన వచ్చి కూసునింది. రెండిట్నీ తక్కెడలో పెట్టి తూచేదానికి నాకు చేతగావడం లేదు."

ఏటా తోతాపురి కోతలు అయ్యాక తోటలో వెనకగా పండే నీలం కాయలు ఒక గంపకెత్తుకుని గంగాధరం పలమనేరు బస్సెక్కుతాడు. పోయిన ఏడు నన్నూ రమ్మన్నాడు. మేం పోయేసరికి సుందరరాజు కొట్టంలో పాలు పిండుతూ ఉన్నాడు. గంగాధరం గంప దించి, చొక్కా చేతులు మడుచుకుని, ఆయన పక్కన ఇంకో ఆవు దగ్గర కూర్చున్నాడు.